మ్యాజిక్ షోకి నాటకం హంగులు: మాటా, సంగీతమా, లైటా, తెరా? ముందు దేని మీద ఖర్చు పెట్టాలి?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక కుర్రాడు ఈమధ్య ఫోన్ చేశాడు. నాలుగేళ్ళుగా పుట్టినరోజు ఫంక్షన్లు చేస్తున్నాడు, చెయ్యి చక్కగా తిరుగుతుంది. "అన్నా, కాస్త డబ్బు కూడబెట్టాను. నా షో ఒక నాటకం చూసినట్టు ఉండాలి. స్మోక్ మిషను కొననా, లైట్లు కొననా, వెనక వేసుకోడానికి మంచి తెర కుట్టించనా?" అన్నాడు. ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చే సంగతి కాదిది. ఇదే సందేహం చాలామంది అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నేను విజయవాడలో పాతికేళ్ళుగా మ్యాజిక్ చేస్తున్నాను. అంతకుముందు నాలుగేళ్ళు గాంధీనగర్ హనుమంతరాయ గ్రంథాలయంలో నాటకాలకి తెరవెనక పనిచేశాను. తెర లాగడం, సామాను అందించడం, డైలాగు మర్చిపోయినవాళ్ళకి అందించడం. రెండు పనులూ చేశాక నాకు అర్థమైంది ఒక్కటే. ఏ క్షణంలో ప్రేక్షకుడి కన్ను ఎక్కడ ఉండాలో నిర్ణయించడమే నాటకం చేసే పని, మ్యాజిక్ చేసే పని కూడా అదే. ఏ హంగైనా ఆ కన్నుని మనకి కావలసిన చోట నిలబెడితే కొనండి. నిలబెట్టలేకపోతే ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టండి.

కొనేముందు చూసుకోవలసినవి

మొదటిది, జనం ఎటు కూర్చుంటారు? తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రంలోనో, గుంటూరు శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలోనో అయితే అందరూ ఎదురుగానే ఉంటారు, పక్కన మనుషుల్నీ సామాన్నీ దాచే వింగులుంటాయి. ఫంక్షన్ హాల్లో అలా కాదు. స్టేజీ మీదికి పిల్లలెక్కేస్తారు, ఫొటోగ్రాఫరు మీ వెనక్కే వచ్చి నిలబడతాడు. అపార్టుమెంటు సెల్లార్లో అయితే నాలుగు వైపులా జనమే.

రెండోది, స్టేజీ మీ చేతికి ఎంత ముందుగా వస్తుంది? స్కూలు వార్షికోత్సవంలో రెండు డ్యాన్సుల మధ్య మీకు దొరికేది ఐదు నిమిషాలు. రెండు గంటలు పట్టే సెట్టు అక్కడ పెట్టలేరు.

మూడోది, మీతో వచ్చే మనుషులెందరు? వాళ్ళు ప్రతిసారీ వస్తారా? నాలుగోది, ఆ హంగు మధ్యలో చెడిపోతే షో నడుస్తుందా, ఆగిపోతుందా? ఈ చివరి ప్రశ్న ఎవరూ వేసుకోరు. నా మటుకు నాకు అన్నిటికంటే ముఖ్యమైనది అదే. సామాను మీ బైకు మీద పడుతుందా, ఆటో కావాలా, వ్యాను కావాలా అన్నది కూడా ఇంట్లోనే లెక్క వేసుకోండి. చిన్న ప్రోగ్రాంలకి వ్యాను కిరాయే సగం తినేస్తుంది.

| హంగు | ఖర్చు | పట్టే సమయం | మనుషులు | చుట్టూ జనం ఉంటే | చెడితే |
|---|---|---|---|---|---|
| మాట, పాత్ర, రిహార్సల్ | చాలా తక్కువ | నెల, రెండు నెలల సాధన. షో రోజున ఏమీ అక్కర్లేదు | బయటినుంచి చూసే ఒకరు | పనిచేస్తుంది | మాటతోనే సర్దుకోవచ్చు |
| రికార్డు చేసిన సంగీతం, మైకు | తక్కువ | 20 నిమిషాలు | ఒకరు | పనిచేస్తుంది | జనానికి వెంటనే తెలిసిపోతుంది |
| హార్మోనియం, డోలక్ | ప్రతి షోకీ పారితోషికం | రెండు మూడు సిట్టింగులు | ఇద్దరు | పనిచేస్తుంది | వాళ్ళే మిమ్మల్ని కాపాడతారు |
| లైటింగ్ | మధ్యస్థం నుంచి ఎక్కువ | గంట | నమ్మకమైన ఆపరేటరు | చాలా జాగ్రత్త కావాలి | గుట్టు బయటపడొచ్చు |
| తెరలు, సెట్టు | ఎక్కువ | రెండు మూడు గంటలు | ముగ్గురు, నలుగురు | పనికిరాదు | షో ఆగిపోతుంది |
| వేషం | మధ్యస్థం | అరగంట | మంచి దర్జీ | పనిచేస్తుంది | పెద్ద ఇబ్బంది లేదు |

మాట, పాత్ర, రిహార్సల్

నన్నడిగితే ఎవరైనా ఇక్కడే మొదలుపెట్టాలి. మనలో చాలామంది స్టేజీ మీద చేతులు చేసే పనినే నోటితో మళ్ళీ చెబుతుంటాం. "ఇది మామూలు తాడు. ఇదిగో కోస్తున్నాను. ఇప్పుడు రెండు ముక్కలు. చూడండి, మళ్ళీ ఒకటైంది." కళ్ళకి కనిపిస్తున్నదాన్నే చెవులకి ఎందుకు చెప్పడం? ఆ తాడు ఎవరిది, ఎందుకు కోశారు, అతుక్కోకపోతే ఎవరికి నష్టం అన్నది చెప్పాలి.

నేను ఆ ఐటెం ఎలా మార్చుకున్నానో చెబుతాను. నా కథలో అది బావి చేంతాడు. నాన్న పోయాక అన్నదమ్ములిద్దరూ ఆస్తి పంచుకున్నారు. పొలం సగం, ఇల్లు సగం, ఆఖరికి గంగాళం కూడా తూకం వేసుకున్నారు. మిగిలింది చేంతాడు. "అది కూడా పంచాల్సిందే" అన్నాడు తమ్ముడు. అక్కడ కత్తెర తీస్తాను. కోసేటప్పుడు తాడు వైపు చూడను, ముందు వరసలో కూర్చున్న పెద్దాయన వైపు చూస్తాను. రెండు ముక్కలూ చెరో చేతిలో వేలాడుతుంటాయి. మర్నాడు పొద్దున అన్న తన ముక్కకి బిందె కట్టి బావిలోకి వదిలాడు. నీళ్ళకి అందలేదు. తమ్ముడు వదిలాడు. అందలేదు. ఇక్కడ నేను మూడు సెకన్లు ఏమీ మాట్లాడను. హాల్లో ఎవరో ఒక ఆడమనిషి "అయ్యో" అంటుంది, దాదాపు ప్రతి ఊళ్ళోనూ. వాళ్ళమ్మ వచ్చి రెండు కొసలూ కలిపి పట్టుకుంది అని చెబుతూ నేనూ అలాగే పట్టుకుంటాను. తాడు ఒక్కటైపోతుంది. ఒకసారి ఒకాయన షో అయ్యాక వచ్చి, నా చెయ్యి పట్టుకుని, ట్రిక్కు ఎలా చేశావని అడగలేదు. "మా తమ్ముడితో మాట్లాడి ఆరేళ్ళయింది బాబూ" అన్నాడు.

ఆ తాడు ట్రిక్కు పాతదే, ఊళ్ళో పది మందికి వచ్చు. నేను మార్చింది మాట ఒక్కటే.

మాటతో పాటు బయటినుంచి చూసే ఒక కన్ను కావాలి. అద్దం ముందు సాధన చేస్తే మన చేతులు మనకి కనిపిస్తాయి కానీ నాలుగో వరసవాడికి ఏం కనిపిస్తుందో తెలియదు. వీడియో తీసుకోవడం మంచిదే, అయితే నాటకాలు ఆడించిన పెద్దవాళ్ళు ఒక్కసారి చూసినా దానికంటే ఎక్కువ పట్టుకుంటారు. మా మాస్టారు ఒకరు నా షో రిహార్సల్ చివరి వరసలో కూర్చుని చూశారు. అయిపోయాక, "అబ్బాయ్, పెట్టె తెరిచే ముందు నువ్వే భయపడుతున్నావురా. నీ భయం చూసి జనం పెట్టెని అనుమానిస్తున్నారు. నువ్వు పెట్టె వైపు చూడకు, ఆ పిల్లవాడి మొహం వైపు చూడు" అన్నారు. ఒకే ఒక్క మాట. ఆ ఐటెం గుట్టు అప్పటినుంచి మళ్ళీ ఎవరికీ దొరకలేదు. గుంటూరు, తెనాలి, విజయవాడ చుట్టుపక్కల పరిషత్తు నాటకాలు ఆడించినవాళ్ళకి కొదవ లేదు. వెళ్ళి అడగండి. సంతోషంగా వస్తారు. మర్యాదగా పారితోషికం ఇవ్వండి.

ప్రవేశం, ముగింపు కూడా రిహార్సల్ చెయ్యాలి, ట్రిక్కులు మాత్రమే కాదు. ప్రవేశం ఎలా ఉండాలో మన కూచిపూడివాళ్ళని చూసి నేర్చుకోవచ్చు. భామాకలాపంలో ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని తెర అడ్డం పెడతారు. సత్యభామ కనిపించదు. ముందు ఆమె జడ ఒక్కటే తెర మీదుగా ఇవతలికి వాలుతుంది. మనిషి రాకముందే పాత్ర వచ్చేసింది. రెండు గజాల గుడ్డ, ఒక జడ, అంతే.

ముగింపు సరిగ్గా లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి మెజీషియన్ పి.సి. సర్కార్ అనుభవం చాలు. 1956 ఏప్రిల్ 9న బీబీసీ టీవీ కార్యక్రమంలో ఆయన ఒక అమ్మాయిని రంపంతో కోసే ఐటెం చేశారు. ఆ అమ్మాయి లేచి నిలబడేలోపే కార్యక్రమం ముగిసిపోయింది. నిజంగానే చచ్చిపోయిందనుకుని జనం బీబీసీకి ఫోన్ల మీద ఫోన్లు చేశారు. సర్కార్‌కి అది లండన్ అంతా మారుమోగే పేరు తెచ్చిపెట్టింది. మన పుట్టినరోజు ఫంక్షన్లో మాత్రం పిల్లలు ఏడుస్తూ ఇంటికి పోకూడదు. చివరి నిమిషం మైకులో ఎవరూ అడ్డురాకుండా యాంకరుతో ముందే మాట్లాడుకోండి.

సంగీతం: ట్రాకా, హార్మోనియమా?

ఏ రకం సంగీతం పెట్టుకున్నా ముందు మైకు కొనుక్కోండి. చేతిమైకు పట్టుకుంటే మెజీషియన్‌కి ఒక చెయ్యి పోయినట్టే. కాలర్ మైకు బట్టలకి రాసుకుని గరగరలాడుతుంది. చెవికి తగిలించుకునే హెడ్‌సెట్ మైకు మనకి నప్పుతుంది. హాలువాళ్ళది వాడకుండా సొంతది పెట్టుకోండి, బ్యాటరీలు రెండు జతలు దగ్గరుంచుకోండి.

ట్రాకుతో, అంటే ముందే రికార్డు చేసిన సంగీతంతో లాభం, ప్రతిసారీ ఒకేలా మోగుతుంది. నష్టం కూడా అదే. పైకి పిలిచిన పిల్లవాడు సిగ్గుపడి పేక ముక్క తీయడానికి అర నిమిషం ఆలస్యం చేస్తే ట్రాకు వాడి కోసం ఆగదు, ట్రిక్కు రాకముందే ఢాం అని మోగేస్తుంది. అందుకే ఒక్కో ఐటెంకి ఒకే పొడుగు పాట కాకుండా మూడు ముక్కలు చేసుకోండి: నడుస్తూ ఉండేది, ఉత్కంఠ పెంచేది, చివర మోగేది. బటను నొక్కినప్పుడే తరవాతిది మొదలవ్వాలి.

ఒకసారి నా ఫోన్లోంచే ట్రాకు పెట్టించాను. ఒక అమ్మాయి తన పేరు రాసిన కాగితం కోసం నిమ్మకాయ కోస్తోంది. హాలు మొత్తం నిశ్శబ్దం. సరిగ్గా అప్పుడు నాకు ఫోన్ వచ్చింది. రింగుటోను రెండు పెద్ద స్పీకర్లలోంచి మోగింది. ఆ నిమ్మకాయలోంచి కాగితం వచ్చినా చప్పట్లు సగమే పడ్డాయి. అప్పటినుంచి షో కోసం పాత ఫోన్ ఒకటి సిమ్ లేకుండా పెట్టుకున్నాను.

హార్మోనియం, డోలక్ సంగతి వేరు. పద్యనాటకాలకి వాయించినవాళ్ళు నటుడి ఊపిరిని బట్టి వాయిస్తారు. నటుడు రాగం ఎత్తుకుంటే తోడొస్తారు, డైలాగు మర్చిపోతే గుర్తొచ్చేదాకా ఒక ముక్క వాయిస్తూ కాపాడతారు. మన షోలో కూడా అంతే. పేక ముక్క తప్పు వచ్చిందనుకోండి, మీరు కళ్ళతో సైగ చేస్తే వాళ్ళు ఇంకొక ఆవర్తం లాగుతారు, మీరు సర్దుకుంటారు. ఇప్పుడు పద్యనాటకాలు తగ్గాయి కాబట్టి అంత విద్య ఉన్నవాళ్ళకి పని తక్కువగా ఉంది. పెళ్ళిలో, పెద్దవాళ్ళెక్కువ ఉన్న సభలో డీజే ట్రాకు కంటే ఈ జోడీ వందరెట్లు నిండుగా ఉంటుంది. స్కూలు పిల్లలకి మాత్రం ట్రాకే హుషారు.

టిక్కెట్టు షోలో రికార్డు చేసిన సినిమా పాటలు వాడితే హక్కుదారుల లైసెన్సు తీసుకోవాలి. పెళ్ళి వేడుకలకి 1957 కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది.

లైటింగ్

అందరికీ మోజు దీని మీదే. నాకూ ఉంది. అయితే మాట, మైకు సర్దుకున్నాకే దీని దగ్గరికి రండి.

నాటకం లైటింగుకి పాత పద్ధతి ఒకటుంది. అమెరికాలో యేల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన స్టాన్లీ మెక్‌కాండ్లెస్ 1932లో చెప్పినది. మనిషికి ముందు ఎడమవైపు నుంచి ఒకటి, కుడివైపు నుంచి ఒకటి, రెండూ 45 డిగ్రీల ఎత్తు నుంచి పడాలి. ఒకటి కాస్త పసుపు, రెండోది కాస్త నీలం. మొహం బొమ్మలా చదునుగా కాకుండా కండతో కనిపిస్తుంది. చిన్న స్టేజీకి స్టాండ్ల మీద నాలుగు ఎల్ఈడీ పార్ లైట్లు (డబ్బాల్లా ఉండే స్టేజీ లైట్లు) దీనికి సరిపోతాయి.

మ్యాజిక్‌కి ప్రత్యేకంగా చూసుకోవలసినవి ఉన్నాయి. ఎర్ర లైటు కింద నీలం రుమాలు నల్లగా కనిపిస్తుంది. రంగులు మారే ఐటెం చేస్తూ రంగు లైట్లు వేస్తే, మారింది రుమాలా లైటా అన్నది ఎవరికీ తెలియదు. దానికి తెల్ల లైటే వెయ్యాలి. పేక ముక్కల్లాంటి చిన్న వస్తువులకి మొహం మీదకంటే చేతుల మీద వెలుతురు ఎక్కువుండాలి.

అసలు ప్రమాదం వెనక లైటు. ఒక రిసెప్షన్‌లో నేను గాల్లో తేలే ఐటెం చేస్తుంటే, ఈవెంటువాళ్ళ లైట్ల కుర్రాడు ఉత్సాహం కొద్దీ వెనకనుంచి షార్పీలు (సన్నటి తీక్షణమైన వెలుగు కొట్టే లైట్లు) కొట్టాడు. కనబడకూడనిది వెండితీగలా మెరిసింది. మూడో వరసలో ఒక పిల్ల వేలెత్తి చూపించింది. ఆ కుర్రాడి తప్పేమీ లేదు, నేనే ముందు చెప్పలేదు. ఇప్పుడు ఒక కాగితం మీద రాసి చేతికిస్తాను: ఏ ఐటెంకి ఏ లైటు, ఎప్పుడు వెయ్యాలి, ఏది అసలు ముట్టుకోకూడదు. మీకు అలాంటి నమ్మకమైన ఆపరేటరు లేకపోతే మామూలు తెల్ల ట్యూబులైట్లలో పనిచేసే ఐటెములే పెట్టుకోండి.

తెరలు, సెట్టు

తెర అనగానే మనకి సురభి గుర్తొస్తుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ నాటకంతో మొదలైన సమాజం. రంగుల తెరలు రెప్పపాటులో మారడం, పాత్రలు తీగల మీద గాల్లోకి లేవడం, స్టేజీ మీద వాన, మంటలు, ఇవన్నీ చూసి చిన్నప్పుడు నోరు తెరుచుకుని కూర్చున్నాను. మ్యాజిక్ చేసేవాడు ఎవరైనా ఒక్కసారైనా సురభి నాటకం చూడాలి.

వాళ్ళకది సాధ్యమైంది కుటుంబం మొత్తం అదే పనిలో ఉండబట్టి. ముందు వేషం కట్టినవాళ్ళే వెనక్కెళ్ళి తాడు లాగుతారు. పిల్లలు ఆ తెరల మధ్యే పెరుగుతారు. మీకు అలా కుదిరిన నలుగురు లేకపోతే తెరల జోలికి పోకండి. అద్దెకు తెచ్చుకున్న కుర్రాళ్ళు తాడు ఒక్క సెకను ముందు లాగినా అంతా అయిపోతుంది. నలుగురున్నా, అందరూ ఎదురుగా కూర్చునే హాలు మీకు నెలకి ఒక్కసారైనా దొరుకుతుందో లేదో చూసుకోండి.

సెట్టు తగ్గించి పేరు తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. 1845లో పారిస్‌లో సొంత థియేటరు తెరిచిన రాబర్ట్ హూడిన్ అప్పటి మెజీషియన్లలాగా బల్లలకి నేలదాకా గుడ్డలు కప్పలేదు, పొడుగు అంగీ వెయ్యలేదు. మర్యాదస్తుల ఇంటి గదిలా స్టేజీ పెట్టుకుని, ఆ కాలపు పెద్దమనుషుల సూటులో నిలబడ్డాడు. దాచడానికి చోటే లేనట్టు కనిపిస్తే జనం ఇంకా ఆశ్చర్యపోతారు. ఒక కుర్చీ, ఒక చిన్న బల్ల, మీ కథకి సరిపోయే ఒక పాత వస్తువు ఉంటే చాలు. నా చేంతాడు కథకి ఇత్తడి బిందె ఒక్కటే సెట్టు.

వేషం, పొగ, పావురాలు

వేషం అద్దెకి తీసుకోవద్దు. మనకి బట్టకంటే జేబు ముఖ్యం, అద్దె కోటులో జేబులు మనం మార్చలేం. ముందు జేబులెక్కడ కావాలో గీసుకుని, తరవాత దర్జీ దగ్గరికి వెళ్ళండి. సర్కార్ మహారాజు వేషంలో కనిపించారంటే అది ఆయన పాత్ర. మీ కథలు పల్లెటూరివైతే పంచె, లాల్చీ బాగుంటాయి. మే నెల బెజవాడలో శాటిన్ కోటు వేసుకుంటే రెండో ఐటెంకే అరచేతుల్లో చెమట, ముక్కలు జారవు. నూలు బట్టే కట్టండి.

పూర్వం కూచిపూడి భాగవతుల్లో ముఖ్యపాత్ర వచ్చేటప్పుడు దివిటీల మీద గుగ్గిలం పొడి చల్లి భగ్గుమనిపించేవారు. అది ఆరుబయట. ఏసీ హాల్లో, గుడ్డల డెకరేషన్ మధ్య నిప్పు ముట్టుకోవద్దు. స్మోక్ మిషను నేలని జారుడుగా చేస్తుంది, కొన్ని హాళ్ళలో ఫైర్ అలారం మోగిస్తుంది. డ్రై ఐస్ పొగ గాలికంటే బరువైన కార్బన్ డయాక్సైడ్, కింద కూర్చున్న చంటిపిల్లల మొహాల మీదికి దిగుతుంది. పిల్లల షోలో అసలు వద్దు. కుందేళ్ళు, పావురాలు పెట్టాలంటే 2001 నాటి ప్రదర్శన జంతువుల నిబంధనల కింద రిజిస్టర్ చేయించాలి. నేను మానేశాను. ఆ ప్రాణులు మోత స్పీకర్ల పక్కన బెదిరిపోవడం చూశాక చెయ్యాలనిపించలేదు.

మీరు ఎవరైతే ఏది?

పుట్టినరోజులు, అపార్టుమెంటు ఫంక్షన్లు చేసేవాళ్ళు: మీ డబ్బులో పెద్ద భాగం హెడ్‌సెట్ మైకుకి, మిగిలింది రిహార్సల్ చూసే మాస్టారికి. ఉన్న ఐటెముల్లో మూడింటికి కథ రాసుకోండి. లైట్లు, తెరలు కొనకండి. బ్రాడీపేట తమ్ముడికి కూడా ఇదే చెప్పాను.

స్కూళ్ళు, కాలేజీలు తిరిగేవాళ్ళు: మైకు, మూడు ముక్కలుగా కోసిన ట్రాకులు, ఐదు నిమిషాల్లో నిలబెట్టగలిగే రెండు లైటు స్టాండ్లు. పగటిపూట గ్రౌండులో చేస్తే ఆ లైట్లు కూడా దండగ.

పెళ్ళిళ్ళు, సంస్థల వేడుకలు చేసేవాళ్ళకి నా సలహా హార్మోనియం, డోలక్ జోడీ. ఈవెంటువాళ్ళ లైట్లు ఎలాగూ ఉంటాయి, మీరు చెయ్యాల్సింది ఆ కాగితం రాసివ్వడం.

టిక్కెట్టు పెట్టి గంటన్నర షో కళాక్షేత్రంలో వెయ్యాలని కల ఉన్నవాళ్ళూ ఉన్నారు. అప్పుడే అన్నీ కావాలి, అదీ ఈ వరసలోనే: ముందు కథ, తరవాత దర్శకుడు, సంగీతం, లైట్లు, ఆఖరున తెర. లండన్‌లో మాస్కలిన్ అనే మెజీషియన్ 1873 నుంచి ముప్పై ఏళ్ళ పాటు ఈజిప్షియన్ హాల్ అనే ఒకే చోట మ్యాజిక్‌ని నాటికలుగా ఆడించాడు. ఒకే స్టేజీ ఏళ్ళ తరబడి చేతిలో ఉండబట్టి సాగిన పని అది. మనకి హాలు దొరికేది ఒక్క సాయంత్రం. అందుకని ముందురోజే వెళ్ళి, స్టేజీ మధ్యలో ఒక కుర్చీ వెయ్యండి. తరవాత కిందికి దిగి మొదటి వరస ఎడమ చివర, కుడి చివర, ఆఖరి వరస మధ్యలో కూర్చుని ఆ కుర్చీ ఎంత కనిపిస్తోందో, దాని వెనక ఏం కనిపిస్తోందో చూడండి. బాల్కనీ ఉంటే మెట్లెక్కి అక్కణ్ణుంచి కూడా ఒకసారి చూడండి.